సిమెంటు గీకించి సున్నం పెట్టించాం: మా విక్టోరియన్ ఇంటి ముందు గోడ కథ

తూర్పు లండన్‌లో మా ఇల్లు 1886 నాటిది. గుమ్మం పైన రాతిలో ఆ అంకె చెక్కి ఉంది. కొన్నప్పుడు ముందు గోడ పొయ్యి వెనక గోడలా నల్లగా ఉండేది. హాలు కిటికీ కింద ఇటుకలు పెచ్చులు పెచ్చులుగా రాలేవి. గట్టి వాన పడితే లోపల చెమ్మ.

కొటేషన్‌కి ముగ్గుర్ని పిలిచాం. మొదటాయన ఇసుక జల్లు కొట్టి మూడు రోజుల్లో తెల్లగా చేసేస్తానన్నాడు, 7,900 పౌండ్లు. రెండో ఆయన నీళ్లు దిగని కోటింగ్ వేస్తే చాలన్నాడు. మూడోవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. అన్న వచ్చి జేబులోంచి తాళంచెవి తీసి ఇటుకల మధ్య సందులో నింపిన దాన్ని గీశాడు. గీత పడలేదు. అదే తాళంచెవితో ఇటుకని గీస్తే పొడి రాలింది. "మీ రోగం ఇదే, సందు ఇటుక కంటే గట్టిగా ఉంది" అన్నాడు.

సంగతేమిటంటే, ఈ ఇళ్లు కట్టింది మెత్తటి ఇటుకతో, సున్నంతో. గోడ తాగిన నీరు సున్నపు సందుల్లోంచి ఆరిపోవాలి. ఎవరో పాత ఓనరు ఆ సందుల్ని సిమెంటుతో మూసేశాడు. నీటికి దారి లేక ఇటుకలోంచే బయటికి వస్తుంది. చలికాలంలో అది అక్కడే గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం ఊడిపోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే. పని వీళ్లకే ఇచ్చాం, వ్యాట్ 20 శాతంతో కలిపి 12,600 పౌండ్లు.

మొదలే ఆలస్యం. పరంజా ఫుట్‌పాత్ మీద నిలబడుతుంది కాబట్టి కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) లైసెన్సు కావాలి. అది తాము చూసుకుంటామని చెప్పి, అనుకున్న రోజుకి ముందు వారం దాకా అప్లై చెయ్యలేదు. పందొమ్మిది రోజులు పోయాయి. అడిగితే తమ్ముడు చేశాడనుకున్నానన్నాడు అన్న. తమ్ముడూ అదే మాట.

కానీ గోడ దగ్గర నిలబడ్డాక వాళ్ల తీరే వేరు. నిలువు సందులకి గ్రైండర్ ముట్టుకోలేదు, ఇటుక అంచు తెగుతుందని. సన్నటి ఉలి, సుత్తి. ఒక్కో సందు 25 మిల్లీమీటర్ల లోతుకి తీశారు. ఆరు రోజులు టకటక టకటక. నేను ఇంటి నుంచే పని చేస్తాను, ఆ వారం మీటింగుల్లో అందరికీ మా గోడ పరిచయమైపోయింది. పాడైన ఇటుకలు 38 తేలాయి. వాటిలో కొన్నిటిని జాగ్రత్తగా ఊడదీసి, వెనక్కి తిప్పి, బాగున్న ముఖం బయటికి పెట్టారు. మిగతావాటికి పాత ఇళ్లు కూల్చినచోట ఏరిన ఇటుకలే తెచ్చారు.

మసి వదిలించడానికి వేడి ఆవిరి వాడారు, ప్రెజర్ బాగా తక్కువ. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చేదాకా ఈ ఊరి చిమ్నీలన్నీ కక్కిన బొగ్గుపొగ అదంతా. దాని కిందనుంచి పసుప్పచ్చటి లండన్ ఇటుక బయటపడింది. వీడియో కాల్‌లో అమ్మ చూసి, "గోడకి పసుపు రాశార్రా?" అంది. సున్నం పని అని చెబితే, "తాతయ్య ఇల్లు గానుగ సున్నంతో కట్టిందే కదా, దానికి అన్ని డబ్బులా?" అని సాగదీసింది. కిటికీ గట్టు కింద కొంచెం నలుపు మిగిలింది. ఇంకా గీకమంటే అన్న ఒప్పుకోలేదు, ఇటుక పైపొర పోతుందని. ఆ మాటకి నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

సున్నం రంగుకి నాలుగు శాంపిల్స్ పెట్టి వారం ఆగమన్నారు, తడి మీద ఒకలా, ఆరాక ఒకలా ఉంటుందని. నిజమే, నేను మొదట మెచ్చుకున్నది ఆరాక సుద్దముక్కలా తేలింది. మూడోది ఖాయం చేశాం. గోడ తడిపి, సందులు నింపి, కాస్త బిగిశాక గట్టి కుచ్చు బ్రష్‌తో పొడుస్తూ పోతే ఇసుక రేణువులు పైకి తేలతాయి. ఆ పైన తడి గోనెపట్టాలు కప్పారు. రాత్రి చలి 5 డిగ్రీల కిందకి పోతుందని తెలిసి రెండు రోజులు పనే ఆపేశారు.

కిటికీల దగ్గరే నా గొడవంతా. మా వీధి కన్జర్వేషన్ ఏరియా, అంటే ఇళ్ల పాత రూపు కాపాడాల్సిన ప్రాంతం, ప్లాస్టిక్ కిటికీలకి కౌన్సిల్ ఒప్పుకోదు, పైకీ కిందికీ జరిగే పాత సాష్ కిటికీలనే బాగుచేయించాలి. కిటికీ రెక్కల్ని మోసే తాళ్లు మార్చారు, సందులకి బ్రష్ పట్టీలు పెట్టారు, అంతవరకూ బాగుంది. కానీ మొదటి రోజు వాళ్ల కుర్రాడు పాత పెయింటుని పొడిగానే ఇసుక కాగితంతో రుద్దేస్తున్నాడు. ఆ కాలపు పెయింటులో సీసం ఉంటుంది, ఇంట్లో మూడేళ్ల పాప. నేను పరుగెత్తుకెళ్లి ఆపాల్సి వచ్చింది. తర్వాత తడిపి గీకారు, దుమ్ము రాకుండా పట్టాలు కట్టారు, సారీ కూడా చెప్పారు. ఆ జాగ్రత్త నేను చెప్పకముందే ఉండాలి కదా.

గోడకి ఐదుకి ఐదు, కిటికీలకి రెండున్నర. పరంజా విప్పి మూడు నెలలైంది, ఈ వానాకాలం హాలులో చెమ్మ జాడ లేదు. పై చిన్న గది కిటికీ మాత్రం ఇప్పటికీ సగంలో బిగుసుకుంటుంది. రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. అది సరిగ్గా జారేదాకా ఆఖరి 400 పౌండ్లు ఇవ్వనని చెప్పాను. మార్చిలో చెక్క ఆరాక వచ్చి చిత్రిక పడతానన్నాడు తమ్ముడు.