కూరగాయలు కడిగే ఓజోన్ మెషీన్: నీళ్లలో సరే, గదిలో మాత్రం వద్దు

ఈ మెషీన్ మీద నా కోపమంతా ఒక్క బటన్ గురించే. ‘రూమ్ ఫ్రెష్’ అని రాసి పక్కన ఆకు బొమ్మ వేసిన ఆ బటన్ లేకపోతే ఈ రివ్యూ వేరేలా ఉండేది. వారంటీ, వాట్లు వగైరా అట్టపెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

కొన్నది కూరగాయల కోసం. ఆ పనికి ఏళ్ల తరబడి వాడుతున్నాం, పెద్దగా ఇబ్బంది లేదు. ఓజోన్ అనే వాయువుతో నీళ్లలో క్రిములు చావడం కొత్త సంగతేం కాదు. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 1906 నుంచే తాగునీటికి వాడారు, మన వాటర్ బాటిళ్ల ప్లాంట్లలోనూ వాడతారు. పురుగుమందులు పోతాయని కొత్తలో నేనే నలుగురికి చెప్పాను. పోయేది పైన అంటుకున్నదాంట్లో కొంత. కాయ లోపలికి ఎక్కిన మందు పోదు. పైది కుళాయి కింద రుద్ది కడిగినా కొంతవరకు వదులుతుంది.

ఇక ఆ బటన్ సంగతి. అది నొక్కితే ఓజోన్ నీళ్లలోకి కాకుండా గది గాలిలోకే వస్తుంది. వానాకాలంలో అమ్మ ఊరి నుంచి వచ్చింది. ముసురు పట్టి బట్టలన్నీ బెడ్‌రూమ్‌లోనే ఆరేస్తున్నాం, గదంతా ముక్కిపోయిన వాసన. నిమ్మ వాసన ఫ్లోర్ క్లీనర్‌తో తుడిచి, కిటికీలు మూసి, బుక్‌లెట్‌లో చెప్పినట్టే అరగంట నడిపాం. తలుపు తీస్తే పిడుగు పడ్డాక వచ్చే లాంటి ఘాటు వాసన. ముక్కిపోయిన వాసన మాత్రం లేదు. అమ్మ వెళ్లి నడుం వాల్చింది. కాసేపటికి పొడిదగ్గు మొదలైంది, ఎంతకీ ఆగదు. ‘‘ఛాతీ పట్టేస్తోందిరా, ఊపిరి లోపలిదాకా పోవట్లేదు’’ అంది. ఆమెకు ఉబ్బసం ఉంది. హాల్లోకి తెచ్చి ఇన్‌హేలర్ ఇస్తే కొంచెం తెరిపిన పడింది. సాయంత్రం డాక్టరు గారు మందుల చీటీ చూడకముందే ‘‘గదిలో ఏమైనా కొత్తగా పెట్టారా?’’ అని అడిగారు. చెప్పాను. ఓజోన్ శ్వాసనాళాల లోపలి పొరను రేపుతుందని, ఉబ్బసం ఉన్నవాళ్లకు అవి బిగుసుకుపోతాయని, మళ్లీ ఆ గదిలో పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపారు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మెషీన్ గంటకు 400 మిల్లీగ్రాముల ఓజోన్ ఇస్తుంది, అంటే అరగంటకు 200. మా గది 10 అడుగుల వెడల్పు, 12 పొడవు, 10 ఎత్తు, దాదాపు 34 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 5,900 మైక్రోగ్రాములు దాకా వస్తుంది. ఓజోన్ గోడలకు, బట్టలకు తగిలి విరిగిపోతూ ఉంటుంది కాబట్టి పదింట తొమ్మిది వంతులు తీసేద్దాం. అయినా 590. మన దేశంలో బయటి గాలికి గంట సగటు పరిమితి 180. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇళ్లలో వాడే ఎయిర్ క్లీనర్లు 0.05 పీపీఎం (ఘనపు మీటరుకు దాదాపు 100 మైక్రోగ్రాములు) మించి ఓజోన్ వదలకూడదని నిబంధనే ఉంది. పైగా క్లీనర్లలో నిమ్మ వాసన తెప్పించే లిమోనీన్‌తో ఓజోన్ కలిస్తే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు పుడుతుంది. తుడిచిన వెంటనే మెషీన్ పెట్టకూడదన్న ఒక్క ముక్క బుక్‌లెట్‌లో ఎక్కడా లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘‘అది యాక్టివ్ ఆక్సిజనే సార్, ఎంత పీలిస్తే అంత మంచిది’’ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నా కోపం ఇంకా చల్లారలేదు. ఉబ్బసం ఉన్న మనిషి ఇంటికి ఈ మాట చెప్పి అమ్ముతున్నారు.

ఇంకోటి, రబ్బరు. మెషీన్ పైన మేకుకు తగిలించిన కుక్కర్ గ్యాస్కెట్‌ను కాస్త సాగదీసి చూస్తే అడ్డంగా సన్నటి నెర్రెలు. మిక్చర్ ప్యాకెట్లకు వేసే రబ్బరు బ్యాండ్లు చేతిలోనే పుటుక్కున తెగుతున్నాయి. రబ్బరును ఓజోన్ అలాగే తినేస్తుంది. మెషీన్‌తో వచ్చిన ట్యూబు కూడా పగిలితే సిలికాన్‌ది వేశాను, అది చెక్కుచెదరలేదు.

చేపల వాసన పోతుందని కూడా ఒకప్పుడు మెచ్చుకున్నాను. కొంత పోతుంది, నిజమే. ఆ రోజుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా తిరుగుతూనే ఉండేది.

ఇదంతా అయ్యాక ఫోన్‌లో గాలి నాణ్యత చూసేటప్పుడు ఓజోన్ అంకె కూడా చూస్తున్నాను. పైన 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో మనల్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే వాయువే, కింద బండ్ల పొగకు ఎండ తోడైతే మన ముక్కు దగ్గరే తయారవుతుంది. ఆకుల రంధ్రాల్లోంచి దూరి గోధుమ, సోయాబీన్ లాంటి పంటల దిగుబడీ తగ్గిస్తుంది. వేసవి మధ్యాహ్నాలు ఎక్కువగా ఉంటుంది కాబట్టి అమ్మ నడకను పొద్దున్నే పెట్టించాను.

మెషీన్ పారేయలేదు. మాకు గాలి ఆడే బాల్కనీ ఉంది, అక్కడ పెట్టి ఆకుకూరలకు వాడుతున్నాం, నడిచినంతసేపూ ఎవరం పక్కన నిలబడం. ఇంట్లో పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉండి, వంటగదికి కిటికీ లేకపోతే నేనైతే కొనను. మిగతావాళ్లు కొనేటట్టయితే ట్యూబు సిలికాన్‌దో కాదో అడగండి, ‘రూమ్ ఫ్రెష్’ లేని మోడల్ ఉందేమో చూడండి.