బ్లడీ సండే, సే నథింగ్, డెరీ గర్ల్స్: ఏది ముందు చూడాలి?

ఉత్తర ఐర్లండ్ గొడవల మీద ఏం చూడాలని వెతికితే ఇరవై పేర్ల జాబితాలు బోలెడు దొరుకుతాయి. దేంతో మొదలుపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే మూడింటినే పక్కపక్కన పెడుతున్నాను: ఒక సినిమా, ఒక సీరియస్ సిరీస్, ఒక కామెడీ. మిగతావి దారిలో వచ్చినప్పుడు చూద్దాం.

ఏమీ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1921లో ఐర్లండ్‌ను విడగొట్టినప్పుడు ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌తోనే ఉండిపోయాయి. అక్కడ ప్రొటెస్టెంట్లది మెజారిటీ. ఇళ్ల కేటాయింపులో, ఉద్యోగాల్లో, ఓట్లలో అన్యాయం జరుగుతోందని 1960లలో కేథలిక్కులు రోడ్డెక్కారు. 1969లో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగింది. ఐర్లండ్ అంతా ఒక్కటి కావాలనే సాయుధ సంస్థ ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) ఒకపక్క, బ్రిటన్‌ను వదిలేది లేదనే లాయలిస్టు సాయుధ ముఠాలు ఇంకోపక్క. 1998 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరేసరికి దాదాపు 3,500 మంది పోయారు. అంతకుముందు కథ, అంటే 1920ల నాటి స్వాతంత్ర్య పోరాటం, అంతర్యుద్ధం కావాలంటే కెన్ లోచ్ తీసిన 'ది విండ్ దట్ షేక్స్ ది బార్లీ' చూడొచ్చు. డబ్లిన్‌లో లా చదువుతున్న మన వి.వి. గిరి 1916లో ఐర్లండ్ వదిలి రావాల్సొచ్చింది ఆ పోరాటం రాజుకుంటున్న రోజుల్లోనే. ఆ సంగతి ఇక్కడికి వదిలేద్దాం.

ముందు 'బ్లడీ సండే'. పాల్ గ్రీన్‌గ్రాస్ 2002లో తీశాడు. కథ 1972 జనవరి 30న డెరీ నగరంలో జరుగుతుంది. విచారణ లేకుండా జైళ్లలో పెడుతున్నందుకు నిరసనగా జనం ఊరేగింపు తీశారు. బ్రిటిష్ సైన్యంలోని పారాచూట్ రెజిమెంట్ కాల్పుల్లో ఆ రోజు 13 మంది చనిపోయారు, గాయపడ్డవాళ్లలో ఇంకొకరు తర్వాత పోయారు. సినిమా మొదలయ్యేదే రెండు ప్రెస్‌మీట్లతో. ఒకచోట ఊరేగింపు జరిపి తీరతామంటున్న నాయకుడు ఐవన్ కూపర్, మరోచోట జరగనిచ్చేది లేదంటున్న సైన్యాధికారి. ఒకరి మాట పూర్తికాకముందే తెర నల్లబడి రెండోవాడి మీదికి పోతుంది. అక్కడినుంచి చివరిదాకా అదే వరస. చేత్తో పట్టుకున్న కెమెరా జనంతోపాటు పరుగెడుతుంది. ఎవరు ఎవరో తెలిసేలోపే తూటా పేలుతుంది.

ఈ సినిమా గొప్పతనం కూపర్‌ను ఎంచుకోవడంలో ఉంది. ఆయన ప్రొటెస్టెంట్, నడిపిస్తున్నది కేథలిక్కుల ఊరేగింపును. ఆ పాత్ర వేసిన జేమ్స్ నెస్బిట్ కూడా ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టెంటే. ఉదయం అందరినీ పలకరిస్తూ, కరపత్రాలు పంచుతూ హుషారుగా తిరిగిన మనిషి సాయంత్రం ఆసుపత్రి వరండాలో శవాల లెక్క వింటూ నిలబడతాడు. ఆ రాత్రి కుర్రాళ్లు వరుసలో నిలబడి తుపాకులు అందుకుంటారు. శాంతియుతంగా అడిగే దారి అక్కడితో మూసుకుపోయిందని చెప్పడానికి ఆ క్యూ చాలు, డైలాగ్ అక్కర్లేదు.

లోపం కూడా అక్కడే ఉంది. మనకు కోపం తెప్పించి వదిలేస్తుంది. తుపాకులు అందుకున్నవాళ్లు వాటితో తర్వాతి పాతికేళ్లు ఏం చేశారన్నది ఈ సినిమా చూపించదు. ఈ కాల్పులపై 1972లోనే వచ్చిన అధికారిక విచారణ, విడ్జరీ నివేదిక, చాలామటుకు సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. చనిపోయినవాళ్ల వల్ల ఎవరికీ ప్రమాదం లేదని సావిల్ విచారణ 2010లో తేల్చాకే, ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. సినిమా వచ్చేనాటికి ఆ విచారణ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ కుర్రాళ్ల సంగతి 'సే నథింగ్' చెబుతుంది. పాట్రిక్ రాడెన్ కీఫ్ పుస్తకం ఆధారంగా 2024లో వచ్చిన తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్ ఇది. 1972 డిసెంబర్‌లో బెల్‌ఫాస్ట్‌లోని డివిస్ ఫ్లాట్లలో జీన్ మెక్‌కాన్‌విల్ అనే వితంతువును, పదిమంది పిల్లల తల్లిని, ఐఆర్ఏ మనుషులు పిల్లల కళ్లముందే లాక్కుపోయారు. ఆమె బ్రిటిష్ సైన్యానికి ఇన్ఫార్మర్ అన్నది వాళ్ల ఆరోపణ. దానికి ఆధారం లేదని పోలీసులపై ఫిర్యాదులు విచారించే పోలీస్ అంబుడ్స్‌మన్ తర్వాత తేల్చారు. ఆమె అవశేషాలు 2003లో సరిహద్దు అవతల ఒక బీచ్‌లో దొరికాయి. సిరీస్ ఈ అపహరణతో మొదలై, వెంటనే ఐఆర్ఏలో చేరిన డోలర్స్ ప్రైస్, మరియన్ ప్రైస్ అనే అక్కచెల్లెళ్ల వైపు తిరుగుతుంది.

మొదటి ఎపిసోడ్లు చూస్తే నాకు కాస్త చిరాకేసింది. నన్‌ల వేషంలో బ్యాంకు దోపిడీ, వెనక హుషారైన పాటలు, కుర్రకారు జోరు. చూస్తుంటే ఐఆర్ఏలో చేరడం కాలేజీ పిక్నిక్‌లా ఉంటుంది. కానీ అది కావాలనే చేశారని తర్వాత అర్థమవుతుంది. తమ దళంలోనే శిక్ష పడ్డ ఒక మనిషిని డోలర్స్ కారులో సరిహద్దు దాటిస్తుంది. ఎక్కడికి తీసుకుపోతోందో ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. అతను పారిపోవచ్చు, పారిపోడు. ఆమె కారు తిప్పేయొచ్చు, తిప్పదు. బయటికి మామూలు కబుర్లే. ఈ మొత్తం విషయం మీద వచ్చినవాటిలో నన్ను ఇంత ఇబ్బంది పెట్టిన సీన్ ఇంకోటి లేదు.

1973 మార్చిలో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు దగ్గర ఈ అక్కచెల్లెళ్లు పాల్గొన్న బాంబు దాడి, వాళ్ల అరెస్టు, రెండొందల రోజులకు పైగా నిరాహారదీక్ష, గొంతులో ట్యూబ్ పెట్టి బలవంతంగా తిండి పోయడం, ఇవన్నీ అయ్యాక సిరీస్ అసలు కథలోకి వస్తుంది. శాంతి వచ్చింది, ఐర్లండ్ మాత్రం ఒక్కటి కాలేదు. మరి మనం చేసినవన్నీ దేనికి అని డోలర్స్ వయసు మళ్లాక అడుగుతుంది. అమ్మ ఏమైందో తెలియక ముప్పయ్యేళ్లు ఎదురుచూసిన పిల్లలు అదే ఊళ్లో ఉంటారు. సిరీస్‌లో ఐఆర్ఏ నాయకుడిగా కనిపించే జెర్రీ ఆడమ్స్ నిజజీవితంలో సిన్ ఫేన్ పార్టీకి నాయకుడిగా చేసిన మనిషి. ప్రతి ఎపిసోడ్ చివరా ఆయన తాను ఐఆర్ఏ సభ్యుణ్ని కాదని ఎప్పుడూ చెబుతూ వచ్చారని ఒక ప్రకటన వేస్తారు. మొదటిసారి లాయర్ల కోసం వేశారనుకుంటాం. తొమ్మిదోసారి చదివేసరికి అదీ కథలో ఒక భాగంలా కనిపిస్తుంది.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. ఇందులో ప్రొటెస్టెంట్ల బతుకు దాదాపు కనపడదు. లాయలిస్టు ముఠాలు చంపిన వందల మంది కూడా కనపడరు. ఈ లోటు ఒక్క 'సే నథింగ్'దే కాదు, పేరున్న సినిమాలు చాలావాటికి ఉంది. 'హంగర్'లో స్టీవ్ మెక్వీన్ ఓ జైలు వార్డర్‌ను చూపిస్తాడు. ఖైదీలను కొట్టిన చేతి కణుపులను నీళ్లలో నానబెట్టుకుంటాడు, పొద్దున్నే కారు కింద బాంబు ఉందేమోనని వంగి చూసుకుంటాడు. ఆ కాసేపట్లో కనిపించిన అవతలి పక్షం మిగతా సినిమాల్లో అరుదు. అయితే 1981లో జైల్లో 66 రోజుల దీక్ష చేసి చనిపోయిన ఐఆర్ఏ ఖైదీ బాబీ శాండ్స్ ఎందుకు ఆ పని చేశాడో ముందే తెలియకపోతే 'హంగర్' సగం అర్థం కాదు. అందుకే మొదటిదిగా వద్దు.

అన్యాయంగా జైలుపాలైన తండ్రీకొడుకుల కథ 'ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్' ఏడిపిస్తుంది, డేనియల్ డే లూయిస్ ప్రాణం పెట్టాడు. కానీ తండ్రీకొడుకులను ఒకే సెల్లో ఉంచారన్నది కల్పన. చరిత్ర తెలుసుకోవడానికి దాన్ని నమ్ముకోవద్దు. కెన్నెత్ బ్రానా 'బెల్‌ఫాస్ట్' ప్రొటెస్టెంట్ కుటుంబం కథే. చెత్తడబ్బా మూతను డాలుగా పట్టుకుని ఆడుకుంటున్న పిల్లాడి మీదికి 1969 అల్లరిమూక వచ్చే మొదటి సీన్ అద్భుతం. ఆ తర్వాత మరీ తీపి ఎక్కువైంది.

ఇక 'డెరీ గర్ల్స్'. లీసా మెక్‌గీ తను పెరిగిన ఊరి గురించి రాసుకున్న కామెడీ, 2018 నుంచి 2022 దాకా మూడు సీజన్లు. మొదటి ఎపిసోడ్‌లోనే బ్రిడ్జి మీద బాంబు ఉందని వార్త వస్తుంది. పిల్లలు స్కూలుకు పోకుండా ఇంట్లో కూర్చుంటారేమోనని తల్లికి టెన్షన్. రెండో సీజన్‌లో కేథలిక్ అమ్మాయిలను, ప్రొటెస్టెంట్ అబ్బాయిలను ఒకచోట కూర్చోబెట్టి, మీ ఇద్దరిలో ఒకేలా ఉన్నవి చెప్పండని ఫాదర్ అడుగుతాడు. ఒక్కటీ రాదు. తేడాలతో మాత్రం బోర్డు నిండిపోతుంది: ప్రొటెస్టెంట్లు టోస్టర్‌ను కప్‌బోర్డులో పెడతారు, కేథలిక్కులకు విగ్రహాల పిచ్చి. ఆ బోర్డును తర్వాత బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో పెట్టారు. పక్కవీధివాళ్ల గురించి ఏమీ తెలియకుండానే అన్నీ తెలుసనుకోవడాన్ని సీరియస్ సినిమా ఏదీ ఇంత సూటిగా పట్టుకోలేదు.

మొదటి సీజన్ ముగింపు చూడండి. స్కూల్ స్టేజీ మీద పిల్లలు పిచ్చిగా గంతులేస్తుంటారు. అదే సమయంలో ఇంట్లో పెద్దవాళ్లు టీవీలో బాంబు వార్త చూస్తుంటారు. ఆరు ఎపిసోడ్లుగా అల్లుణ్ని నోటికొచ్చినట్టు తిట్టిన తాత, మాట్లాడకుండా అతని భుజం మీద చెయ్యి వేస్తాడు. చివరి స్పెషల్ గుడ్ ఫ్రైడే ఒప్పందం మీద 1998లో జరిగిన రెఫరెండం గురించి. ఒకమ్మాయి అన్న హత్య కేసులో జైల్లో ఉన్నాడు. ఒప్పందం ప్రకారం అలాంటివాళ్లు బయటికొస్తారు. ఒప్పందానికి సరేనని ఓటు వేయాలా వద్దా అని ఇద్దరు స్నేహితురాళ్లు విడిపోయేదాకా వస్తారు. నిజంగా 71 శాతం మంది సరేనన్నారు. ఆ సరే అనడం ఎంత కష్టమో 'సే నథింగ్' కంటే ఈ కామెడీయే బాగా చెప్పింది.

మరి ఏది మేలు? ఒక్కటే చూసే ఓపిక ఉంటే 'సే నథింగ్'. ఒక్క సాయంత్రమే ఉంటే 'బ్లడీ సండే', కానీ అక్కడితో ఆగితే సగం కథే తెలుస్తుంది. మూడూ చూసేట్టయితే 'డెరీ గర్ల్స్'తో మొదలుపెట్టి, 'బ్లడీ సండే' మీదుగా 'సే నథింగ్'కి రండి. కాలక్రమం తిరగబడినా పర్వాలేదు. మనుషులు ముందు పరిచయమైతే తేదీలు వాటంతటవే గుర్తుంటాయి. మూడింటికీ సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టుకోండి. డెరీ యాస ఇంగ్లండ్‌వాళ్లకే సరిగా అర్థం కాదు, మనమెంత!