పాత మోటర్‌హోమ్‌లో కరెంటు పోతే: ఎక్కడ ఆగారో దాన్ని బట్టి వెతకండి

పాత మోటర్‌హోమ్‌లో (లోపలే వంటిల్లు, పడకలు ఉండే బండి) కరెంటు పోగానే చాలామంది కొత్త బ్యాటరీ కొనేస్తారు. నిజానికి ఏళ్ల తరబడి కుదుపులు తిన్న బండిలో ముందు చెడేవి తీగలు కలిసే చోట్లు. ఏది ఆగిపోయిందో చూస్తే సగం వెతుకులాట తప్పుతుంది. ఉత్తర అమెరికా బండ్లలో లైట్లు, నీళ్ల పంపు, హీటరు ఫ్యాను 12 వోల్టుల ఇంటి బ్యాటరీ (బండిలో నివాస భాగానికి ఉండేది) మీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, ప్లగ్ పాయింట్లకు బయటి లైను నుంచో జనరేటరు నుంచో 120 వోల్టులు కావాలి. ఇంజిను బ్యాటరీ వేరు. లైట్లు వెలుగుతున్నా మైక్రోవేవ్ గడియారం ఆరిపోయిందంటే బ్యాటరీ జోలికి వెళ్లనక్కర్లేదు.

బండి ప్లగ్గు పెట్టుకునే కరెంటు స్తంభం ఉన్న క్యాంపు స్థలంలో దిగితే అనుమానం ముందు ఆ స్తంభం మీదే పెట్టుకోవాలి. 30 ఆంప్స్ పాయింటు ఇచ్చేది 3,600 వాట్లు. 50 ఆంప్స్ దానిలో రెండు 120 వోల్టుల లైన్లు ఉంటాయి, మొత్తం 12,000 వాట్లు. ఆ రెంటిలో ఒకటి పోతే బండిలో సగమే పనిచేస్తుంది, దాన్ని చూసి లోపలి వైరింగు చెడిందనుకుంటారు. ట్రిప్పయిన బ్రేకరు మధ్యలో ఆగి ఉంటుంది. పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి వేస్తేనే పట్టుకుంటుంది. పాత పార్కుల్లో ఎండాకాలం మధ్యాహ్నం అందరి ఏసీలూ ఒకేసారి నడిస్తే వోల్టేజి పడిపోతుంది. 105 కన్నా తగ్గితే ఏసీ ఆపేయండి, కంప్రెసరు దెబ్బతింటుంది.

ప్లగ్గు పీకినప్పుడు దాని పిన్నులు చూడండి. ఒక పిన్ను గోధుమ రంగుకు తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి ఉంటే అక్కడ పట్టు వదులై వేడెక్కిందన్నమాట. గీకి మళ్లీ పెడితే లాభం లేదు. ప్లగ్గు తల మార్చాలి, వేరే స్థలం అడగాలి. ఈత కొలను, వైఫై కన్నా బిగువైన సాకెట్ ఉన్న చోటుకే ఎక్కువ అద్దె ఇవ్వడం మేలు. నేల మీద నిలబడి బండి రేకు ముట్టుకుంటే జివ్వుమందా? ఎర్త్ తెగిందని అర్థం. స్తంభం దగ్గర బ్రేకరు దించి ప్లగ్గు తీసేయండి, కారణం దొరికేదాకా మళ్లీ పెట్టొద్దు.

స్తంభం బాగానే ఉంటే బాత్రూంలోని జీఎఫ్‌సీఐ పాయింటు (కరెంటు లీకైతే తానే ఆగిపోయే ప్లగ్ పాయింటు) రీసెట్ బటన్ నొక్కండి. అదొక్కటి ట్రిప్పయితే వంటింటి పాయింట్లూ, బయటి పాయింట్లూ కూడా ఆగవచ్చు. జనరేటరు మీద అన్నీ నడిచి, బయటి లైను మీద నడవకపోతే తప్పు కేబుల్లో గానీ, బయటి లైనుకూ జనరేటరుకూ మధ్య మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్‌లో గానీ ఉంటుంది. ప్లగ్గు తీసి, జనరేటరు, ఇన్వర్టరు (బ్యాటరీ కరెంటును 120 వోల్టులుగా మార్చేది) రెండూ ఆపాకే ఆ స్విచ్ పెట్టె తెరవండి. లోపల నల్లబడిన కాంటాక్టులు గానీ, వదులైన స్క్రూలు గానీ కనిపిస్తాయి.

కరెంటు లేని చోట బస చేస్తే 12 వోల్టుల వైపు బలహీనతలు బయటపడతాయి. చార్జింగు ఆగి కొన్ని గంటలయ్యాక మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలో వాడదగ్గది యాభయ్యే. హీటరు ఫ్యాను 8 ఆంప్స్ లాగుతూ రాత్రంతా కలిపి 5 గంటలు తిరిగితే 40 అక్కడే ఖర్చు. తెల్లవారుజామున లైట్లు మసకబారితే అది లోపం కాదు, లెక్క.

లైనుకు పెట్టినా బ్యాటరీ మీద వోల్టేజి 13 దాటకపోతే కన్వర్టరు (120 వోల్టులను 12గా మార్చి బ్యాటరీని నింపేది) చార్జ్ చేయడం లేదు. దాని బ్రేకరు, దాని మీద ఉండే రివర్స్ పోలారిటీ ఫ్యూజులు చూడండి. బ్యాటరీ తీగలు ఒక్క క్షణం తారుమారైనా అవి ఎగిరిపోతాయి. బ్యాటరీని బండి నుంచి విడదీసే, తలుపు దగ్గరి డిస్‌కనెక్ట్ స్విచ్ రిలే మరో దొంగ: ఒక వైపు 12.6, రెండో వైపు సున్నా.

అన్నీ బాగున్నా పంపు వేయగానే లైట్లు కుంగితే నెగెటివ్ దారి పరీక్షించండి. పంపు, లైట్లు నడుస్తుండగా మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ సీసపు పోస్టు మీద, రెండోది చాసిస్ (బండి అడుగు ఇనుప చట్రం) మీద శుభ్రమైన ఇనుముపై ఆనించండి. 0.2 వోల్టు దాటితే మధ్యలో ఏదో అడ్డుంది. తర్వాత పోస్టుకూ క్లాంపుకూ మధ్య, క్లాంపుకూ తీగ చివరకూ మధ్య, అలా ముందుకు కొలుస్తూ వెళ్లండి. అంకె ఎక్కడ ఎగిరితే అక్కడే తుప్పు. ప్లగ్గు తీసి, నెగెటివ్ ముందు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ పైన గ్రీజు పూయండి. బ్యాటరీకి నెగెటివ్ తీగను అన్నిటికన్నా ఆఖరున తగిలించాలి.

వస్తూ పోతూ ఉండే లోపానికి, బండి నిలిపిన చోటికే వచ్చే మెకానిక్కు వర్క్‌షాపు కన్నా నయం. షాపుకు తీసుకెళితే స్తంభం, లోడు (నడుస్తున్న పరికరాల భారం) మారిపోయి లోపం దాక్కుంటుంది. ట్రాన్స్‌ఫర్ స్విచ్ మార్చాలన్నా, 120 వోల్టుల వైరింగు తిరగేయాలన్నా మాత్రం వర్క్‌షాపే సరి. ఎవరిని పిలిచినా “కరెంటు లేదు” అని కాకుండా, ఏ వైపు పోయింది, లోడు మీద ఎన్ని వోల్టులు, జనరేటరు మీద నడుస్తోందా అన్న మూడు ముక్కలూ ఫోనులోనే చెప్పండి, సరైన సామాను వెంట తెచ్చుకుంటారు.