సిడ్నీ చుట్టూ నడకలు: ఎక్కడ దిగాలి, ఎక్కడ ఎక్కాలి

సిడ్నీలో స్నేహితులతో నడకకి వెళ్దామనుకునేవాళ్ళకి నేను ముందు చెప్పే మాట ఒకటే: కారు ఇంట్లో పెట్టేయండి. కారు ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడికే రావాలి. అంటే వెళ్ళిన దారినే వెనక్కి నడవాలి, లేదంటే ఇద్దరు డ్రైవర్లు రోజంతా కార్లు అటూ ఇటూ చేరవేస్తూ కూర్చోవాలి. ఈ ఊళ్ళో ఒక చోట బస్సో ట్రైనో దిగి, సముద్రం పక్కన పొద్దంతా నడిచి, ఇంకో చోట ఫెర్రీ ఎక్కి ఇంటికి చేరొచ్చు. బస్సు, ట్రైను, ఫెర్రీ అన్నిటికీ టికెట్‌గా వాడే ఓపల్ కార్డు మీద రోజుకి ఇంతకు మించి వసూలు చేయరనే పరిమితి ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాల్లో ఆ పరిమితి మామూలు రోజులకంటే తక్కువ. కాబట్టి డబ్బు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

మా బ్యాచ్ అంతా వెంట్‌వర్త్‌విల్, పెండిల్ హిల్ వైపు ఉండే తెలుగువాళ్ళమే. కొందరిది గుంటూరు, కొందరిది కరీంనగర్, ఒకరిద్దరిది వైజాగ్. వయసులు వేరు, ఓపికలు వేరు. అందుకే ఇక్కడ రాస్తున్నది అందం ఒక్కటే చూసి కాదు. చేరడం, తినడం, పడుకోవడం, బాత్రూములు, ఫోన్ సిగ్నల్, అన్నీ కలిపి చూశాక నాకు అనిపించింది.

బాండై నుంచి కూజీ దాకా 6 కిలోమీటర్ల నడక గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. బాండై జంక్షన్‌లో ట్రైను దిగి 333 బస్సు ఎక్కితే బీచ్ దగ్గర దింపుతుంది. దారంతా సిమెంటూ మెట్లూ. టామరామా, బ్రాంటే, క్లోవెల్లీ వరుసగా వస్తాయి. ప్రతి చోటా బాత్రూములు ఉంటాయి, కాఫీ దొరుకుతుంది. మధ్యలో వేవర్లీ శ్మశానం వస్తుంది. 1877లో మొదలైన ఈ శ్మశానంలో తెల్లటి సమాధులు కొండ అంచుదాకా, సముద్రానికి ఎదురుగా పరుచుకుని ఉంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్ళడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, అలిసిపోతే ఏ బీచ్ దగ్గరైనా ఆపేసి బస్సెక్కొచ్చు. కానీ పొద్దున్నే వెళ్ళాలి. శని, ఆదివారాల్లో పది దాటితే ముందున్నవాళ్ళ వీపులు చూస్తూ నడవడమే.

నాకు మనసుకు పట్టిన నడక స్పిట్ బ్రిడ్జి నుంచి మ్యాన్లీ. ఇది 10 కిలోమీటర్లు. వైన్యార్డ్‌లో బస్సెక్కి వంతెన దగ్గర దిగి, దాన్ని దాటగానే ఎడం పక్కకి తిరిగి కిందికి దిగితే రోడ్డు చప్పుడు పోతుంది. ఫెర్న్ మొక్కలు, చిన్న వాగు, తడి రాళ్ళు. కాసేపట్లో క్లాంటార్ఫ్ పార్కు వస్తుంది. అక్కడ చెట్ల కింద బల్లలు, బార్బెక్యూ పొయ్యిలు, బాత్రూములు ఉన్నాయి. ఆ తర్వాత చాలాసేపటి వరకు ఏ సౌకర్యమూ ఉండదు కాబట్టి అందరూ అక్కడే పని చూసుకోవాలి.

ఈ దారిలో చాలామంది దాటేసి వెళ్ళిపోయే చోటు గ్రొట్టో పాయింట్ దగ్గరి శిలాచిత్రాలు. ఈ నేల మూలవాసులు పరుపు బండ మీద గీసిన కంగారూలు, చేపలు అక్కడ ఉన్నాయి. చుట్టూ తక్కువ ఎత్తు కంచె కట్టారు. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనపడవు, బండంతా తెల్లగా మెరిసిపోతుంది. పొద్దునో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడినప్పుడు గీతలో నీడ నిలుస్తుంది, అప్పుడు తోక, వీపు, కాలు ఒక్కొక్కటే కంటికి అందుతాయి. మాతో వచ్చిన కరీంనగర్ అక్క కంచె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఇగో తమ్మీ, ఈడ చేప కండ్లవడుతుంది చూడు" అంటూ అందరికీ వేలు పెట్టి చూపించింది. అంతవరకు మేం చూసింది ఉత్త బండే.

డాబ్రాయిడ్ హెడ్ మీదికి ఎక్కాక హార్బర్ ముఖద్వారం మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. రెండు కొండల మధ్య ఖాళీ, దాని అవతల పసిఫిక్ మహాసముద్రం. భోజనానికి అక్కడే ఆగాలి. మ్యాన్లీ దాకా ఓపిక పట్టి అక్కడ తినొచ్చనుకుంటే వెలుతురూ పోతుంది, డబ్బూ పోతుంది. మ్యాన్లీలో తినే చోట్లకు లోటు లేదుగానీ, వీకెండ్‌లో పదిమందికి ఒకే చోట టేబుల్ దొరకాలంటే గంట పడుతుంది. మాకు పులిహోర డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి. పెరుగన్నం కంటే పులిహోర నయం, ఎండలో ఉన్నా పాడవదు. సాయంత్రం మ్యాన్లీ నుంచి సర్క్యులర్ కీకి ఫెర్రీలో అరగంట. డెక్ మీద కుడి పక్కనో ఎడం పక్కనో అని వాదించుకోకుండా ముందు భాగానికి వెళ్ళండి. ఓపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి రెండూ దగ్గరవుతూ వస్తాయి. ఇంత మంచి ముగింపు ఉన్న నడక ఇంకోటి నాకు తెలియదు.

ఇక పెద్ద నడక, రాయల్ నేషనల్ పార్క్ కోస్ట్ ట్రాక్. 1879లో ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలోని మొదటి జాతీయ పార్కుల్లో ఒకటి. బండీనా నుంచి ఆట్‌ఫర్డ్ దాకా 26 కిలోమీటర్లు. గట్టివాళ్ళు ఒక్క రోజులో పూర్తి చేస్తారు. స్నేహితులతో వెళ్ళినప్పుడు అలా పరిగెత్తడం నాకు నచ్చదు, రెండు రోజులు పెట్టుకుంటేనే బావుంటుంది.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి అనే దాని మీద మా వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. నా ఓటు బండీనాకి. క్రొనుల్లా స్టేషన్ వెనకే ఉన్న రేవులో చిన్న ఫెర్రీ ఎక్కితే అరగంటలో బండీనా చేరతారు. ఆ ఫెర్రీ సాయంత్రానికే ఆగిపోతుంది, ఆట్‌ఫర్డ్‌లో ట్రైను మాత్రం రాత్రి దాకా ఉంటుంది. నడక ఆలస్యమైతే ట్రైను కోసం ఎదురుచూడొచ్చు, ఫెర్రీ పోతే ఆ రాత్రి చిక్కే. అయితే ఆట్‌ఫర్డ్‌లో ట్రైన్లు సిటీలోలా నిమిషాల్లో రావు. టైమ్‌టేబుల్ ఫోన్‌లో ముందే సేవ్ చేసుకోవాలి, ఎందుకంటే పార్కులో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు.

బండీనా దాటగానే పొదల నేల. మోకాలెత్తు మొక్కలు, బ్యాంక్సియా కాయలు, వాటి మధ్య నేల తొక్కకుండా ఎత్తులో వేసిన బోర్డ్‌వాక్. ఆగస్టు, సెప్టెంబరుల్లో పూలు విరగబూస్తాయి. ఎర్రటి గైమియా లిల్లీలు మనిషి కంటే ఎత్తున నిలబడతాయి. మేలో మొదలై నవంబరు దాకా తిమింగలాలు ఈ తీరం పక్కగానే వెళ్తాయి. జూన్, జూలైల్లో ఏ కొండ కొమ్మున కూర్చున్నా కాసేపు ఓపిక పడితే నీళ్ళు చిమ్మడం కనపడుతుంది.

వెడ్డింగ్ కేక్ రాక్ గురించి ఒక్క మాట. కేకు ముక్క కోసినట్టు తెల్లగా, సూటి అంచులతో ఉండే ఆ బండ ఎప్పుడైనా విరిగి సముద్రంలో పడొచ్చని తేల్చి 2015లో కంచె వేశారు. ఇప్పటికీ ఫోటో కోసం కంచె దాటేవాళ్ళు కనపడతారు. దయచేసి ఆ పని చేయకండి, మీ గ్రూపులో ఎవరినీ చేయనివ్వకండి. కంచె బయటి నుంచి తీసిన ఫోటోలోనే బండ మొత్తం వస్తుంది. సముద్రం అంచున బండల్లో ఉండే నీటి గుంటలు, ఫిగర్ ఎయిట్ పూల్స్ కూడా అంతే. అక్కడి అలలు చాలామందిని గాయపరిచాయి. అలల ప్రమాదం ఏ రోజు ఎంత ఉంటుందో పార్కుల శాఖ వెబ్‌సైట్‌లో పెడుతుంది, అది చూడకుండా దిగకూడదు.

వాటమోలా లాగూన్‌లో ఈత కొట్టుకుని, గద్ద తల ఆకారంలో ముందుకు పొడుచుకొచ్చిన ఈగిల్ రాక్ దాటి, గారీ బీచ్ మీదుగా సాగితే, మూడింట రెండు వంతుల దూరంలో నార్త్ ఇరా. గుడారం వేసుకోవడానికి చోటు అదే. బుకింగ్ లేకుండా వెళ్ళకూడదు. దారిలో తాగునీరు దొరకదనే లెక్కతోనే బయల్దేరాలి, మనిషికి కనీసం మూడు లీటర్లు. గుడారాలు, నీళ్ళు, తిండి, అన్నీ వీపు మీదే కాబట్టి ఇది అందరికీ కాదు. మా వదినలాంటి వాళ్ళకి నేను చెప్పేది వేరే పద్ధతి: బండీనా దగ్గర బానీ వేల్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండండి. వేడినీళ్ళ షవర్లు ఉన్నాయి, పిల్లలు ఆడుకోవడానికి లోతులేని నీళ్ళున్నాయి. అక్కడి నుంచి ఒక రోజు వెడ్డింగ్ కేక్ రాక్ దాకా వెళ్ళి రావచ్చు, సాయంత్రం జిబ్బన్ దగ్గర ఇక్కడి మూలవాసులైన ధారావల్ ప్రజల శిలాచిత్రాలు చూడొచ్చు. వెనక్కి అదే దారిన నడవాల్సి వచ్చినా ఇక్కడ నాకు అభ్యంతరం లేదు.

రెండో రోజు బర్నింగ్ పామ్స్ దాటాక తాటిజాతి చెట్ల అడవిలోంచి నిలువుగా ఎక్కాలి. అంత అలసటలో ఆ ఎక్కుడు గట్టిగానే తగులుతుంది. "అన్నా, ఇంకెంత దూరం?" అన్న ప్రశ్న ఆగకుండా వినపడేది అక్కడే. పైన ఆట్‌ఫర్డ్ లుకౌట్ నుంచి స్టేషన్‌కి దిగుడే. అక్కడి నుంచి సిడ్నీ వైపు ఒక్క స్టేషన్ వస్తే హెలెన్స్‌బర్గ్, మన వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. అడవి మధ్యలో తెల్లటి గోపురం. శని, ఆదివారాల్లో క్యాంటీన్‌లో వేడి దోసె దొరుకుతుంది. స్టేషన్ నుంచి గుడి దూరం, అలిసిన కాళ్ళతో నడవలేరు. బ్యాచ్‌లో నడకకి రాని వాళ్ళెవరైనా ఉంటే కారు తెమ్మని చెప్పండి. కారు కావాలని నేనే చెప్పే సందర్భం ఇది. దర్శనం వేళలు, క్యాంటీన్ వేళలు ముందు కనుక్కుని, మార్చుకోవడానికి ఒక జత శుభ్రమైన బట్టలు పెట్టుకోండి.

సెంట్రల్ కోస్ట్‌లోని బూడీ నేషనల్ పార్కుకి కూడా కారు తప్పదు. పుటీ బీచ్ నుంచి మెక్‌మాస్టర్స్ బీచ్ దాకా 8 కిలోమీటర్లు. జనం తక్కువ, 1898లో మునిగిన మైట్‌లాండ్ ఓడ అవశేషాలు మైట్‌లాండ్ బేలో ఆటు సమయంలో కనపడతాయి. పుటీ బీచ్ క్యాంప్‌గ్రౌండ్ ఇసుకకి అడుగుల దూరంలోనే ఉంటుంది. చోటు పరంగా రాయల్ కంటే నాకిదే ఇష్టం, ప్రయాణం పరంగా మాత్రం వెనకబడుతుంది.

అడవి నడక కావాలంటే బ్లూ మౌంటెన్స్‌కి వెళ్ళాలి. సిడ్నీ సెంట్రల్ స్టేషన్ నుంచి కటూంబాకి ట్రైనులో రెండు గంటలు. త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల దగ్గర ఎప్పుడూ రద్దీయే, ఒకసారి చూసి ముందుకెళ్ళండి. బ్లాక్‌హీత్ దగ్గరి గ్రాండ్ కాన్యన్ దారి 6 కిలోమీటర్ల పైచిలుకు. నీట్స్ గ్లెన్ దగ్గర దిగితే పది నిమిషాల్లో ఎండ మాయమవుతుంది. రెండు పక్కలా ఇసుకరాతి గోడలు, కింద వాగు, మీద ఫెర్న్‌లు, జనవరిలో కూడా చల్లదనం. ఇవాన్స్ లుకౌట్‌కి ఎక్కే మెట్లు చివర్లో వస్తాయి కాబట్టి ఓపిక మిగుల్చుకోవాలి. వాన పడిన మర్నాడు జలగలు ఉంటాయి. సాక్సు అప్పుడప్పుడూ దులుపుతూ, చిన్న పొట్లంలో ఉప్పు పట్టుకెళ్తే చాలు, భయపడాల్సింది లేదు.

ఉండడానికి చలికాలంలో మేం ఒకసారి అద్దె ఇల్లు తీసుకున్నాం. ఎనిమిదిమందికి అని రాసి ఉంది. తీరా చూస్తే రెండు బెడ్‌రూములు, హాల్లో ఒక సోఫా, మొత్తం ఇంటికి ఒకే హీటరు. వెయ్యి మీటర్ల ఎత్తులో జూలై రాత్రి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఓనరుకి పెట్టిన మెసేజ్‌కి జవాబు మర్నాడు వచ్చింది, క్లీనింగ్ చార్జి మాత్రం పూర్తిగా పడింది. బుక్ చేసేముందు పడకలెన్ని, హీటర్లెన్ని అని రాతపూర్వకంగా అడగండి. దానికంటే కటూంబా వైహెచ్ఏ హాస్టల్ ఎంతో మేలు. స్టేషన్ నుంచి నడిచే దూరం, పెద్ద వంటిల్లు. రాత్రి అక్కడే పప్పుచారు కాచుకున్నాం.

ఎక్కడికి వెళ్ళినా ముందురోజు రాత్రి పార్కుల శాఖ వెబ్‌సైట్‌లో ఏ దారులు మూసేశారో చూడండి. 2022 ఏప్రిల్‌లో వెంట్‌వర్త్ ఫాల్స్ దగ్గర కొండచరియ విరిగిపడి, నడుస్తున్న కుటుంబంలో తండ్రీ కొడుకూ చనిపోయారు. వానల తర్వాత దారి మూసేస్తే అది ఊరికే పెట్టిన బోర్డు కాదు. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ అందరి ఫోన్లలో ఉండాలి. 000కి ఫోన్ చేసినప్పుడు మనం ఎక్కడున్నామో అది చూపిస్తుంది. సిగ్నల్ లేని చోట్లకి బీకన్ కావాలి, అంటే ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం అడిగే చిన్న పరికరం. బ్లూ మౌంటెన్స్‌లో నడిచేవాళ్ళకి దాన్ని ఉచితంగానే అరువిస్తారు, బ్లాక్‌హీత్ పార్కు ఆఫీసులోనో కటూంబా పోలీస్ స్టేషన్‌లోనో అడగండి. ఫారం నింపి, ఏ దారిలో వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో రాయాలి. నడక అయ్యాక ట్రైనెక్కే ముందే దాన్ని వెనక్కి ఇచ్చేయండి, మీ వెనక వచ్చేవాళ్ళకి అది కావాలి.