ఇంటెల్ ఐ915 డ్రైవర్‌లో జీపీయూ రీసెట్: హ్యాంగ్ చేయించి చూశాక

గ్రాఫిక్స్ డ్రైవర్ మంచిదా కాదా అన్నది నేను ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) చూసి తేల్చను, గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ) హ్యాంగ్ అయినప్పుడు అది ఏం చేస్తుందో చూస్తాను. ఆ లెక్కన లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ని నడిపే ఐ915కి ఐదుకి నాలుగు మార్కులు.

ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్ ఉన్న మెషీన్‌లో కావాలనే ఆగని లూప్ పెట్టిన షేడర్ (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) రన్ చేశాను. స్క్రీన్ బిగుసుకుపోయింది, పాట మాత్రం ఆగలేదు, కొన్ని సెకన్లకి డెస్క్‌టాప్ మళ్లీ కదిలింది, టెర్మినల్, బ్రౌజర్ ఎక్కడివక్కడే ఉన్నాయి, పోయింది నా టెస్ట్ ప్రోగ్రామ్ ఒక్కటే. కెర్నెల్ లాగ్‌లో చూస్తే హార్ట్‌బీట్ ఆగిందని ఆర్‌సీఎస్0ని, అంటే జీపీయూలో 3డీ పని చేసే భాగాన్ని (3డీ ఇంజిన్ని) మాత్రమే రీసెట్ చేసినట్టు ఉంది. డిఫాల్ట్‌గా 2.5 సెకన్లకోసారి డ్రైవర్ ఇంజిన్‌కి ఒక చిన్న పని పంపుతుంది, హార్ట్‌బీట్ అంటే ఇదే, అది పూర్తి కాకపోతే దాని ప్రయారిటీ పెంచుకుంటూ పోయి, అప్పటికీ కదలకపోతేనే రీసెట్ కొడుతుంది. తొందరపడదు, నాకు బాగా నచ్చింది ఇదే.

కోడ్ చదివితే అసలు కష్టం తెలుస్తుంది. జెన్3, అంటే ఇంటెల్ గ్రాఫిక్స్‌లో పాత మూడో తరం చిప్‌ల్లో జీపీయూని రీసెట్ చేస్తే డిస్‌ప్లే కూడా చెదిరిపోతుంది, అందుకని డ్రైవర్ ముందు డిస్‌ప్లేని ఆపి, రీసెట్ అయ్యాక డిస్‌ప్లే మోడ్ (రిజల్యూషన్ లాంటివి) మళ్లీ సెట్ చేయాలి. బ్రాడ్‌వెల్ లాంటి జెన్8లో ఒక్క ఇంజిన్నే విడిగా రీసెట్ చేయొచ్చు, అది కుదరకపోతే మొత్తం చిప్. ఆల్డర్ లేక్ ల్యాప్‌టాప్ చిప్‌లకి వచ్చేసరికి గక్ (GuC, జీపీయూ లోపలే ఉండే చిన్న కంట్రోలర్) ఫర్మ్‌వేరే ఇంజిన్‌ని రీసెట్ చేసి తర్వాత డ్రైవర్‌కి కబురు పెడుతుంది. ఇన్ని పద్ధతుల్ని ఒకే డ్రైవర్‌లో నిలబెట్టడం మామూలు పని కాదు.

అయితే డ్రైవర్ ఎంత చేసినా అప్లికేషన్ కూడా సహకరించాలి. నేను వాడే ఒక వీడియో ఎడిటర్ వల్కన్ (అప్లికేషన్లు జీపీయూతో మాట్లాడే ఇంటర్‌ఫేస్) నుంచి డివైస్ లాస్ట్, అంటే జీపీయూతో లింకు పోయిందని ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండా మూతపడింది, సేవ్ చేయని గంట పని పోయింది. ఆ తప్పు డ్రైవర్‌ది కాదు.

ఒక మార్కు తగ్గించింది ఎర్రర్ ఫైల్ వల్ల. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన వివరాల్ని ఫైళ్లలా చూపించే /sys ఫోల్డర్‌లో) గ్రాఫిక్స్ కార్డు కింద ఉండే ఆ ఫైల్‌లో మొదటి హ్యాంగ్ వివరాలే ఉంటాయి, రీబూట్ చేస్తే అవీ పోతాయి. కాబట్టి హ్యాంగ్ అవగానే రీస్టార్ట్ కొట్టకుండా ముందు దాన్ని కాపీ చేసుకోండి, ఆ తర్వాత ఫైల్‌లోకి ఏదైనా రాసి క్లియర్ చేయండి, అప్పుడే తర్వాతి హ్యాంగ్ రికార్డవుతుంది.