ఇంటింటి సర్వే వివరాలు: అందరికీ తెరిచి పెట్టాలా, షరతుతో ఇవ్వాలా?

శ్రీకాకుళం జిల్లా తీరాన ఒక మత్స్యకార గ్రామంలో వలసల మీద సర్వే ముగిసిందనుకుందాం. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదికి ఎవరు వెళ్ళారు, అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, ఇంటి మీద అప్పెంత ఉంది అన్న జవాబులన్నీ ఒక ఎక్సెల్ ఫైలులోకి చేరాయి. పేర్లు తీసేసి ఆ ఫైలును ఎవరైనా దించుకునేలా పెట్టడం ఒక దారి. కోరినవారి చేత ఒప్పందం రాయించుకుని ఇవ్వడం రెండోది. మన పరిశోధకులలో చాలామంది చేసే మూడోది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టడం.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టవచ్చు. కిడ్నీ జబ్బు కారణంగా ఉద్దానం ఊళ్ళకు ఏళ్ళ తరబడి ఎన్నో బృందాలు వచ్చాయి. ఒకరు సేకరించినది మరొకరికి అందకపోతే అదే గడపలో అవే ప్రశ్నలు మళ్ళీ అడగవలసి వస్తుంది.

తెరిచి పెట్టడంలో పెద్ద లాభం, మన లెక్కను ఎవరైనా సరిచూడగలగడం. జాతీయ నమూనా సర్వేల కుటుంబ స్థాయి వివరాలు అలాగే అందుతున్నాయి కదా అంటారు. అవి దేశమంతటా చెదిరిన ఇళ్ళవి, మనది ఒక్క ఊరు. ‘వాడబలిజ, వయసు 52, భర్త లేడు, పెద్ద కొడుకు వేటలో పోయాడు, రేకుల ఇల్లు’ అన్న వరుసలో పేరు లేకపోయినా అది ఎవరి ఇల్లో పంచాయతీ అరుగు మీద కూర్చున్నవారెవరైనా చెప్పేస్తారు. పక్క గడిలో ఆమె అప్పు ఉంటుంది. డి.హెచ్.ఎస్. (అనేక దేశాల్లో జరిగే జనాభా, ఆరోగ్య) సర్వేలలో ఊరిని గుర్తుపట్టకుండా గ్రామాల స్థానాన్ని పటం మీద 5 కిలోమీటర్ల వరకూ, నూటికి ఒక చోట 10 కిలోమీటర్ల వరకూ కావాలనే జరుపుతారు. ఒకే ఊరి సర్వేకు ఆ ఉపాయం పనికిరాదు. ఊరి పేరు నివేదిక అట్ట మీదే ఉంటుంది.

2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇస్తూనే, ఆ వివరాలతో ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదన్న షరతు పెట్టింది. ఎవరు దించుకున్నారో తెలియని ఫైలు విషయంలో ఆ షరతును ఎవరు కాపాడతారు? అప్పిచ్చినవాడూ దించుకోవచ్చు. ఒప్పందం ఉంటే కనీసం అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

అయితే ఒప్పందం పద్ధతిలోనూ చిక్కుంది. దరఖాస్తులు చూసే ఆచార్యుడు బదిలీ అయితే ఫైలు మళ్ళీ బీరువా పాలే, కాబట్టి ఆ బాధ్యతను మనిషికి కాక గ్రంథాలయానికి అప్పగించాలి. ప్రశ్నావళినీ, ఏ జవాబుకు ఏ అంకె వేశామో చెప్పే సంకేతాల పట్టికనూ, మొత్తం లెక్కల పట్టికలనూ అందరికీ తెరిచి, ఇంటింటి వరుసలను మాత్రం ఒప్పందంతో ఇవ్వడమే ఇలాంటి సర్వేకు మేలని నా అభిప్రాయం.

కాకపోతే ‘మీ వివరాలు మా దగ్గరే ఉంటాయి’ అని చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్న సర్వేలకు (నా పాత ప్రశ్నావళిలోనూ ఆ వాక్యమే ఉంది) ఇదీ కుదరదు. వాటి వరుసలు బయటికి ఇవ్వాలంటే మళ్ళీ ఆ ఇళ్ళకు వెళ్ళి అడగాలి. వద్దన్నవారి వరుసను తీసేయాలి.