బెత్తం లేని ట్యూషన్: పాలకొల్లులో ఆరు నెలల అనుభవం

మా అబ్బాయి మూడో తరగతి చదువుతున్నాడు. మొదట పంపిన ట్యూషన్‌లో లెక్క తప్పితే స్కేలుతో అరచేతి మీద కొట్టేవారు. వాడికి ఎక్కాలు రాలేదు సరికదా, తప్పు లెక్క ఉన్న పేజీ చింపి దాచడం వచ్చింది. ఆ కాగితాలు బ్యాగు అడుగున దొరికిన రోజే మాన్పించి, పాలకొల్లులో కాలువ గట్టు దగ్గర ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన ఇంటి వరండాలో నడుపుతున్న సాయంత్రం ట్యూషన్‌లో చేర్పించాం.

ఇక్కడ బెత్తం, గోడకుర్చీ, తొడపాశం ఏవీ లేవు. మాస్టారి బల్ల మీద ఒక గాజు సీసా, పక్కన గిన్నెలో చింతపిక్కలు ఉంటాయి. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని గమనించాను. మా వాడు 52లోంచి 27 తీసివేస్తుండగా పక్క పిల్లవాడు మోచేత్తో పొడిచాడు. వీడు తిరిగి పొడవకుండా కాస్త జరిగి కూర్చుని లెక్క పూర్తి చేశాడు. మాస్టారు వెంటనే వచ్చి, "గొడవ పడకుండా జరిగి కూర్చున్నావు నాన్నా, పదుల దగ్గర అప్పు తేవడం కూడా మరిచిపోలేదు" అని, పిక్క వాడి చేతికిచ్చి సీసాలో వేయించారు. ఊరికే "వెరీ గుడ్" అనడానికీ, చేసిన పనిని పేరుపెట్టి మెచ్చుకోవడానికీ ఉన్న తేడా నాకు అప్పుడే తెలిసింది. సీసా నిండితే శనివారం అందరికీ అరగంట కబడ్డీ. ఒకసారి వేసిన పిక్కను ఏ తప్పు చేసినా వెనక్కి తీయరు.

అలాగని తప్పును చూసీచూడనట్టు వదిలేయరు. తోటివాడి పుస్తకం చింపినవాడు ఆట మానుకుని, పేజీలు అతికించి, అట్ట వేసి ఇవ్వాలి.

మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలతో చూపించిన సూత్రమే ఇది: ఏ పని చేసిన వెంటనే మంచి ఫలితం దక్కుతుందో, ఆ పనినే మళ్లీ చేయాలనిపిస్తుంది. దెబ్బ ఏం చేయకూడదో చెబుతుందే తప్ప ఏం చేయాలో చెప్పదు. కొట్టే మనిషి పక్కకు వెళ్తే భయమూ వెళ్లిపోతుంది. "దండం దశగుణం భవేత్" అనే మా మామయ్యగారికి ఈ మాట చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇప్పుడు మా వాడు తప్పు లెక్కను చింపకుండా తెచ్చి, ఎక్కడ తప్పిందో చెప్పమని ఆయననే అడుగుతున్నాడు.

లోపాలూ ఉన్నాయి. మధ్యలో ఒక నెల, చదివిన ప్రతి కథకూ చాక్లెట్ ఇచ్చారు. కథలంటే ప్రాణం పెట్టే మా వాడు ఇంట్లో పుస్తకం చేతికిస్తే "చదివితే ఏమిస్తారు?" అనడం మొదలుపెట్టాడు. ఇష్టంగా చేసే పనికి ముందే బహుమతి ఆశ చూపితే ఆ ఇష్టం తగ్గవచ్చని 1973లోనే బొమ్మలు గీసే చిన్నపిల్లల మీద జరిగిన అధ్యయనం చూపింది. మాస్టారితో చెప్పగానే ఆపించారు. గోడ మీద పేర్లు, నక్షత్రాల పట్టిక మాత్రం ఇంకా ఉంది. అడుగున పేరున్న పాప రోజూ దాని వంక చూడకుండా లోపలికి వెళ్తుంది. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడుల్లో శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ట్యూషన్‌లోనూ అదే పాటించాలని నా అభిప్రాయం. ఆ పట్టిక తీసేయమని రెండుసార్లు అడిగాను.

నెలకు 500 రూపాయలు, ఇరవై మంది పిల్లలు, గంటన్నర సమయం. వానాకాలంలో జల్లు వరండాలోకి కొడుతుంది కనుక పుస్తకాలకు ప్లాస్టిక్ సంచి ఇచ్చి పంపండి.